మునిసిపల్ అమావాస్య

మా రాళ్ళగుంటలో కుళాయి నీళ్ళు అమావాస్యకో పున్నానికో వస్తాయని జనం ఆడిపోసుకునేవారు. అది ఉత్త నింద. మిట్టవీధి ట్యాంకు విషయంలో అయితే నీళ్ళు కచ్చితంగా అమావాస్యకే రావాలని మా పురపాలక సంఘం రాతపూర్వకంగా నిర్ణయించింది. ఆ నిర్ణయం వెనక ఉన్న ఆదర్శం ఎంత గొప్పదో, దాన్ని నిలబెట్టడానికి మేమెంత శ్రమపడ్డామో తెలిసినవాళ్ళు తక్కువ. నేను ఆ ఆఫీసులో తపాలా గుమాస్తాను. వచ్చే కాగితానికీ పోయే కాగితానికీ ముద్ర వేసేది నేనే కాబట్టి, ఊళ్ళో ఏ ఘనకార్యం జరిగినా నా చేతుల మీదుగానే జరగాలి.

మా కమిషనరు ఇందుశేఖరం గారు మచ్చలేని మనిషి. పైసా ముట్టరు. కాఫీ కూడా ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. లంచగొండి అధికారి వస్తే ఏం చెయ్యాలో ఊరికి తెలుసు. నిజాయితీపరుడు వచ్చి, ఆయనకో ఆదర్శం కూడా ఉందని తెలిస్తేనే ఎవరికీ కాళ్ళూ చేతులూ ఆడవు. ఆయన జిల్లా కేంద్రంలో శాస్త్రీయ దృక్పథం మీద జరిగిన శిక్షణకు వెళ్ళి, ఒక గుడ్డసంచీతోనూ ఒక సంకల్పంతోనూ తిరిగొచ్చారు. గుడ్డసంచీ వారం తిరక్కుండా పిగిలిపోయింది. సంకల్పం మాత్రం గట్టి సరుకు.

ఆయన వచ్చిన రోజు అమావాస్య. మా వైపు అమావాస్య నాడు తాపీ మేస్త్రీలు తాపీ ముట్టరు, వడ్రంగులు బాడిస పట్టరు. కాంట్రాక్టర్లు సంతకాలు పెట్టరు. కొట్టు పెట్టుకునేవాళ్ళు లైసెన్సు కోసం రారు. ఆఫీసంతా బోసిగా ఉండేసరికి కమిషనరు గారు నా బల్ల దగ్గర ఆగి, జనం ఏరని అడిగారు. అమావాస్య కదండీ అన్నాను. అయితే, అన్నారాయన. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మాట నన్నెవరూ అడగలేదు.

సాయంత్రానికల్లా సర్క్యులరు నా బల్ల మీదికి వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, అమావాస్య అనునది చంద్రుని వ్యక్తిగత పరిస్థితి అయినందున, పురపాలక సంఘ కార్యకలాపములతో దానికి ఎట్టి సంబంధమునూ లేదు. కావున ఇకపై నూతన కార్యములను అమావాస్య నాడు కూడా ప్రారంభింపవలెను." అందులో ఆ 'కూడా' అనే మాట ఉన్నంతకాలం ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయింది. తెలివైన మాటే. దానిమీద కన్ను పడింది మా అసిస్టెంటు ఇంజనీరు బాలస్వామికి.

బాలస్వామి అమాయకంగానే అడిగాడు. మొన్న గురువారం దశమి నాడు ఒక కాలవ పని మొదలుపెట్టామనీ, అది మంచిరోజేననీ, అమావాస్యని పట్టించుకోకపోవడం మన విధానం అయినప్పుడు దశమిని పట్టించుకున్నామేమోనన్న అనుమానం ఆడిట్ వాళ్ళకి రాదా అనీ అడిగాడు. కమిషనరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటే ఊరికి ఏదో మూడిందని అర్థం.

"పాయింటే," అన్నారు. "ఏ కాంట్రాక్టరు ఏ సిద్ధాంతిని చాటుగా అడిగి వచ్చాడో మనకేం తెలుసు? మంచిరోజు మొదలైన ప్రతి పనీ ముహూర్తం చూసి మొదలైందనే అనుమానానికి తావిస్తుంది. పరిపాలన అనుమానానికి అతీతంగా ఉండాలి."

రెండో సర్క్యులరులో 'కూడా' పోయి 'మాత్రమే' వచ్చింది. ఇకమీదట రాళ్ళగుంట మునిసిపాలిటీలో రోడ్డయినా, కాలవయినా, ఇంటిప్లాను మంజూరయినా, చివరికి జనన ధ్రువీకరణ పత్రమయినా అమావాస్య నాడే మొదలవ్వాలి. మిగతా రోజులన్నీ తయారీ నిమిత్తం. సిబ్బంది ఈ సంస్కరణను మనస్ఫూర్తిగా ఆహ్వానించారు. నెలంతా తయారవుతూ కూర్చోవడం మాకు కొత్త కాదు. కొత్తల్లా దానికి అనుమతి రావడమే.

జనం మాత్రం తక్కువవాళ్ళా? రెండు నెలలు తిరిగేసరికి అమావాస్య నాడు మా ఆఫీసు ముందు తిరునాళ్ళ మొదలైంది. బజ్జీల బండ్లు వచ్చాయి, చెరుకురసం మిషను వచ్చింది. పక్క ఊళ్ళ నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చేవారు. ఒక పచారీ కొట్టాయన లైసెన్సు కోసం వచ్చి, ఈ అమావాస్య మంచిదేనా, పై అమావాస్య ఇంకా మంచిదా అని నన్నే అడిగాడు. నేను ఈ సంగతి కమిషనరు గారికి చెప్పలేదు. మంచివాళ్ళ మనసు కష్టపెట్టడం నాకిష్టం ఉండదు.

ఇలా ఉండగా ఆషాఢంలో మిట్టవీధి ట్యాంకు పూర్తయింది.

మిట్టవీధి అంటే ఊరికి పడమర పక్క గుట్ట మీద ఉండే ఇళ్ళు. కింద బజార్లో ఒక్క పంపు. అక్కణ్ణించి రాతిమెట్ల మీదుగా బిందెలు మోసుకుంటూ ఎక్కాలి. ఆ మెట్లు ఎవరు ఏ కాలంలో వేశారోగాని మనుషుల కోసం వేసినట్టు ఉండవు. ట్యాంకు కట్టించడానికి ఎన్నికలు చాలానే గడిచాయి. ఎలాగైతేనేం, కట్టారు, గొట్టాలు వేశారు, వీధి చివర కుళాయిలు బిగించారు, లీకులు చూడటానికి ట్యాంకు నింపారు కూడా. లీకు లేదు. నిండుకుండలా నిలబడి ఉంది. అడుగున ఉన్న చక్రం తిప్పడమే తరువాయి.

మర్నాడే గురవమ్మ నా బల్ల దగ్గరికొచ్చింది. మిట్టవీధిలో మొదటి ఇల్లు ఆమెది. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. కొడుకు గ్రానైటు క్వారీలో పనికి పోయి వారానికోసారి వస్తాడు. ఇంట్లో కోడలు తిరుపతమ్మకి అయిదో నెల. ముందటి కడుపు ఆ మెట్ల మీదే, నడుమున బిందె ఉండగానే పోయింది. ఈసారి బరువు ఎత్తితే తన దగ్గరికి రావద్దని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. అందుకని గురవమ్మే ఆ మోకాళ్ళతో మోస్తోంది. ఆమె చూడనప్పుడు కోడలు మోస్తోంది.

"గుమాస్తయ్యా, ట్యాంకు నిండా నీళ్ళుండయ్యంట గదా. చక్రం తిప్పేదానికి అడ్డమేందయ్యా?" అనడిగింది.

అమావాస్య దాకా ఆగాలని చెప్పాను. ఆమె చెయ్యి నోటి మీద పెట్టుకుంది. కడుపుతో ఉన్న పిల్ల ఇంటికి కొత్త నీళ్ళు అమాస నాడా, మీకు ఇంకో రోజే దొరకలేదా అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. వారానికి మళ్ళీ వచ్చింది. ఆ పొద్దున కోడలు ఆమె నిద్రలేవకముందే రెండు బిందెలు తెచ్చి పెట్టేసిందట.

"అమాసైతే అమాసేలే అయ్యా. దప్పికి తిథేంది," అంది. "ఎప్పుడో అది చెప్పు."

ఎప్పుడో చెప్పడం మేమనుకున్నంత తేలిక కాలేదు. మా ఆఫీసు గోడకి రెండు క్యాలెండర్లున్నాయి. ఒకటి బియ్యం మిల్లుది, ఒకటి బట్టల కొట్టుది. మిల్లు లెక్కన అమావాస్య మంగళవారం పగలు వచ్చి బుధవారం ఆఫీసు తెరవకముందే వెళ్ళిపోతుంది. బట్టల కొట్టు లెక్కన మంగళవారం ఆఫీసు మూశాక వచ్చి బుధవారం మధ్యాహ్నం దాకా ఉంటుంది. రెండూ ఒప్పుకునే సమయమంతా ఆఫీసు మూసి ఉండే సమయం. కమిషనరు గారు రెండు క్యాలెండర్లనీ బల్ల మీద పరిపించి చాలాసేపు చూశారు. తప్పు క్యాలెండరు పట్టుకుని పొరపాటున చతుర్దశి నాడో పాడ్యమి నాడో ప్రారంభిస్తే, అది శాస్త్రీయ దృక్పథానికే మచ్చ.

"అమావాస్యని మనం లెక్కచెయ్యం," అన్నారు చివరికి. "అయితే లెక్కచెయ్యకుండా ఉండాలంటే అది ఎప్పుడొస్తుందో కచ్చితంగా తెలియాలి. నిపుణుణ్ణి నియమించుకుందాం."

నిపుణుడంటే రాళ్ళగుంటలో ఒక్కడే, నరహరి సిద్ధాంతి గారు. ఊళ్ళో పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ ముహూర్తాలు పెట్టేది ఆయనే. సిద్ధాంతిని జీతమిచ్చి పెట్టుకోవడానికి మునిసిపల్ చట్టంలో చోటు లేదు కాబట్టి, పంపుసెట్లు బాగుచేసేవాళ్ళను తీసుకునే పద్దు కిందనే ఆయన్ని తీసుకున్నాం. నా పక్కన కుర్చీ వేయించారు. ఆయన సంచీలోంచి పంచాంగం తీసి, కుర్చీలో బాసింపట్టు వేసుకుని, ఫాను ఇంకాస్త జోరుగా తిరిగితే బాగుండునన్నారు. ఇంత అయ్యేసరికి ఆషాఢ అమావాస్య కాస్తా దాటిపోయింది.

గురవమ్మకి ఆ మాట చెప్పలేక నేను శ్రావణంలో తప్పకుండా అన్నాను. శ్రావణంలో సిద్ధాంతి గారు మొదటి నివేదిక ఇచ్చారు. శ్రావణ అమావాస్య పోలాల అమావాస్య అనీ, ఆ రోజు ఆడవాళ్ళు పిల్లల క్షేమం కోసం కందమొక్కకు పూజ చేసుకుంటారనీ, అది శుభదినమేననీ సెలవిచ్చారు. కమిషనరు గారు ఉలిక్కిపడ్డారు. ఆ రోజు నీళ్ళు వదిలితే, మునిసిపాలిటీ పోలాలమ్మ పేరిట ముహూర్తం పెట్టిందని రేపు ఎవరైనా అనరా? శుభమైన అమావాస్యలు అనర్హమని మూడో సర్క్యులరు వేశారు. ప్రారంభోత్సవానికి కావలసింది కల్తీ లేని అశుభం. దాన్ని వెతికిపెట్టే బాధ్యత సిద్ధాంతి గారిది.

ఆయన మధ్యాహ్నం పూట నాతో వాపోయారు. "మంచి ముహూర్తం పెట్టడం తేలిక నాయనా. ఎక్కడో ఓ దోషం తగిలినా దానం చేయించి సర్దేస్తాం. చెడ్డ ముహూర్తం అలా కాదు. ఎంత జాగ్రత్తగా పెట్టినా ఎక్కడో ఓ చోట మంచి తగులుతూనే ఉంటుంది. దానికి శాంతి కూడా లేదు."

అయినా పట్టువదలని మనిషి. భాద్రపదంలో మహాలయ అమావాస్యను పట్టుకొచ్చారు. పితృదేవతల రోజు, ఏ శుభకార్యానికీ పనికిరాదు. శుక్రవారం పడింది కాబట్టి రాహుకాలం పొద్దున పదిన్నరకి మొదలై పన్నెండుకి ముగుస్తుంది. అందులోనే వర్జ్యం కూడా కలిసింది. ఇంత చక్కటి చెడ్డ ఘడియ తన అనుభవంలో చూడలేదన్నారు సిద్ధాంతి గారు. కమిషనరు గారి ముఖం వికసించింది. ఎర్రటి అంచుతో కార్డులు అచ్చువేయించారు. "మహాలయ అమావాస్యా శుక్రవారం రాహుకాల వర్జ్య సహిత దుర్ముహూర్తమున" అని మొదలయ్యే ఆ ఆహ్వానపత్రికను ఊరంతా పంచాం. కొందరు దానికి అలవాటుకొద్దీ పసుపు రాసి గడపలో పెట్టుకున్నారు.

ఆ రోజు మిట్టవీధి అంతా ట్యాంకు కిందే ఉంది. బిందెలు వరస కట్టి ఉన్నాయి. గురవమ్మ బిందె మొదటిది. తిరుపతమ్మను ఎవరో పీట వేసి నీడలో కూర్చోబెట్టారు. అప్పటికి ఆ పిల్లకి ఎనిమిదో నెల దగ్గరపడుతోంది. మా ఫిట్టరు ఖాదర్ వలీ చక్రం మీద చెయ్యివేసి సిద్ధంగా ఉన్నాడు. అబ్దుల్ ఖాదరుకీ అమావాస్యకీ ఏమిటి సంబంధం అని లోకంలో సామెత ఉంది. మా మునిసిపాలిటీలో ఆ సంబంధం కుదిరింది. ట్యాంకు చక్రానికి వేసిన తాళం చెవి అతని దగ్గరే ఉండేది.

కార్యక్రమం అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. కానీ కమిషనరు గారు ఏ పనయినా సమగ్రంగా చేసే మనిషి. చక్రం తిప్పబోయే ముందు ఒక నల్లపిల్లి ఎదురు వస్తే మూఢనమ్మకం మీద దెబ్బ పూర్తిగా పడుతుందని ఆయనకు తోచింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు రెండు రోజులు తిరిగి ఒక పిల్లిని గంపలో పట్టుకొచ్చాడు. పదకొండింటికి ఉపన్యాసాలు అయ్యాయి. గంప మూత తీశారు. పిల్లి బయటికొచ్చి జనాన్ని చూసి, ఎదురు రావడానికి బదులు వేదిక కిందికి దూరింది.

పాలు పెట్టారు, రాలేదు. ఎండు చేప తెప్పించారు, రాలేదు. శానిటరీ ఇన్‌స్పెక్టరు చీపురుతో పొడిస్తే ఇంకా లోపలికి జరిగింది. టైము పావుతక్కువ పన్నెండు. పిల్లి దొరక్కపోతే ఒంటి బ్రాహ్మణ్ణి నేనున్నాను కదా, ఎదురు రమ్మంటే వస్తానని సిద్ధాంతి గారు ముందుకొచ్చారు. కమిషనరు గారు ఆయన త్యాగాన్ని మెచ్చుకుంటూనే, ఆఫీసు సిబ్బంది అపశకునంగా వ్యవహరించడం నిబంధనలకు విరుద్ధమన్నారు. పన్నెండు కొట్టింది. సిద్ధాంతి గారు పంచాంగం చూసి నెమ్మదిగా దగ్గారు.

"రాహుకాలం దాటిందండీ. పైగా ఇప్పుడే అమృత ఘడియలు ప్రవేశించాయి."

ఖాదర్ వలీ చక్రం మీది నుంచి చెయ్యి తీసేశాడు. అమృత ఘడియల్లో తిప్పడానికి వీల్లేదు. జనం కాసేపు ఏం జరిగిందో అర్థంకాక నిలబడ్డారు. నెత్తి మీద ట్యాంకు, దాన్నిండా నీళ్ళు, కింద ఖాళీ బిందెలు. మేమంతా జీపెక్కాక పిల్లి వేదిక కింది నుంచి తీరిగ్గా బయటికొచ్చి, దారికి అడ్డంగా నడిచి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది.

ఆశ్వయుజ అమావాస్య దీపావళి. దాని గురించి చర్చే లేదు. సంవత్సరం మొత్తం మీద అంత అనర్హమైన అమావాస్య ఇంకోటి ఉండదు. కార్తీక అమావాస్య మీద అందరం ఆశ పెట్టుకున్నాం. సిద్ధాంతి గారు గుళ్ళు, వ్రతాలు అన్నీ జల్లెడపట్టి, మచ్చుకి కూడా మంచి లేదని రాసిచ్చారు కూడా. ఆ మర్నాడు ఆయనే తల వంచుకుని వచ్చారు. వారం చూడటం మరిచారట. అది సోమవారం పడింది. సోమవారంతో కూడిన అమావాస్య మహాపుణ్యకాలం. కమిషనరు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

నాగులచవితి మర్నాడు తిరుపతమ్మకి ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా క్షేమం. గురవమ్మ నాకు బెల్లంముక్క తెచ్చిపెట్టింది. ఏడెనిమిది నెలలుగా కాపాడుకున్నాను, మొత్తానికి గట్టెక్కిందని చెప్పింది. పదకొండో రోజు పురుడు పున్నమి నాడు పడిందనీ, ఆరోజు ఇల్లు కడగాలి, గుడ్డలన్నీ ఉతకాలి, తల్లికీ బిడ్డకీ నీళ్ళు పొయ్యాలి, చుట్టాలొస్తారు, ఎన్ని బిందెలు కావాలో లెక్కే లేదనీ చెప్పి, ఈ అమాసకి ముందే ఒక్కరోజు తిప్పించలేవా అనడిగింది. ఈ అమావాస్య కూడా లేదని, మార్గశిరం దాకా ఆగాలని చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది. "బాలింత మెట్లు దిగకుండా నేను కాపలా ఉండాల్నా, నీళ్ళకి నేను దిగాల్నా అయ్యా," అని మాత్రం అంది. ఆ బెల్లంముక్కను కాగితంలో చుట్టి బల్ల సొరుగులో పెట్టాను.

కార్తీక పున్నమి పొద్దున ఖాదర్ వలీ ట్యాంకు దగ్గర చెట్లకింద పైపులు సర్దుతున్నాడు. గురవమ్మ వెళ్ళి అతనితో ఏదో మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఇద్దరూ ఇప్పటికీ చెప్పరు. అతను టీ తాగడానికి కిందికి దిగుతూ తాళం చెవి నిచ్చెన మీద మరిచిపోయాడు. మరుపు మానవ సహజం. కాసేపటికి మిట్టవీధి కుళాయిలన్నీ ఒక్కసారి తుమ్మినట్టు గాలి కక్కి, ఎర్రనీళ్ళు కక్కి, ఆ తర్వాత తెల్లటి నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టాయి.

మధ్యాహ్నానికి ఆఫీసుకు కబురొచ్చింది. కమిషనరు గారు ఖాదర్ వలీని పిలిచి, అమావాస్య నిబంధనను ఎందుకు పాటించలేదని సంజాయిషీ అడిగారు. తమకు నెల నెలపొడుపుతో మొదలవుతుందనీ, అమావాస్య గురించి తనకు పెద్దగా అవగాహన లేదనీ అతను వినయంగా చెప్పాడు. తర్వాత సమావేశం మొదలైంది. దీన్ని ట్రయలు కింద రాసేద్దామని బాలస్వామి అన్నాడు. ట్రయలు కూడా ఆరంభమేనని కమిషనరు గారు కొట్టేశారు. పౌర్ణమి నాడు, అందులోనూ కార్తీక పౌర్ణమి నాడు పారిన నీటిని పురపాలక సంఘం గుర్తించజాలదు. గుర్తించని నీటిని వెంటనే ఆపాలి. ఆపించడానికి ఆయనే బయలుదేరారు. వెనక మేము.

అప్పటికి పొద్దు వాలుతోంది. జీపు మిట్ట కింద ఆగింది. కమిషనరు గారు ఆ మెట్లు ఎప్పుడూ ఎక్కలేదు. మహాలయ నాడు వెనకవైపు బండ్ల బాట గుండా జీపులో పోయాం, వానలకి అది కొట్టుకుపోయింది. సగం మెట్లకే ఆయనకు ఆయాసం వచ్చింది. ముప్పాతిక మెట్లకి కూర్చుండిపోయారు. కాస్త మంచినీళ్ళు కావాలన్నారు. పక్కింటి అరుగు మీద నుంచి ఒకామె చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. ఆయన గడగడా తాగేశారు.

బాలస్వామి ఆయన చెవిలో మెల్లగా చెప్పాడు. "సార్, అవి ఆ నీళ్ళే."

కమిషనరు గారు చెంబు వంక చూశారు. తాగిన నీటిని వాపసు చెయ్యడానికి ఏ నిబంధనా లేదు. గుర్తించబడని నీళ్ళు సాక్షాత్తూ కమిషనరు కడుపులోనే ఉన్నాయి. ఆ మెట్ల మీదికీ కిందికీ ఆయన ఒకసారి చూశారు, ఇంకోసారి చూశారు. ఇన్ని నెలలు వీటి మీదుగానా మోశారు, అని నన్నడిగారు. అవునండీ అన్నాను. ఆయన కళ్ళజోడు తీశారుగాని తుడుచుకోలేదు, చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. పాపం, ఆయన మంచివాడని మొదటే చెప్పాను కదా.

"నీళ్ళు ఆపను," అన్నారు. "అలాగని నిబంధన మీరను. ఏం చెయ్యాలి?"

సిద్ధాంతి గారు ఇంకో మెట్టు మీద కూర్చుని ఉన్నారు. మెల్లగా అందుకున్నారు. "పూజలో దేవుడికి వస్త్రం ఇవ్వాలండీ. ఇంట్లో వస్త్రం ఉండదు. అలాగని పూజ ఆపుతామా? వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి అని రెండు అక్షింతలు వేస్తాం. నగలకీ అక్షింతలే, ఛత్రచామరాలకీ అక్షింతలే. దేవుడు ఇంతవరకూ అభ్యంతరం చెప్పలేదు. అమావాస్య దొరకనప్పుడు..."

"అమావాస్య స్థానే పౌర్ణమి," అన్నారు కమిషనరు గారు లేచి నిలబడుతూ. "పరిగణించబడుతుంది. అద్భుతం. పూర్తిగా చట్టబద్ధం."

ఆర్డరు ఆ మెట్ల మీదే ఆయన చెప్తూంటే నా మోకాలి మీద రాశాను. ముద్ర నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. అప్పటికప్పుడు ముద్ర కొట్టి నంబరిచ్చాను. ఆర్డరు ఉన్నాక ప్రారంభోత్సవం జరగాలి, ప్రారంభించాలంటే ముందు ఆపాలి. ఒక్క నిమిషం ఆపుకోవడానికి గురవమ్మ ఒప్పుకుంది. అప్పటికే ఆమె ఇల్లు కడిగింది, గుడ్డలు ఉతికి దండెం నిండా ఆరేసింది, తల్లికీ బిడ్డకీ తనివితీరా నీళ్ళు పోసింది. బిడ్డ ఆమె చేతుల్లో సాంబ్రాణి పొగ వాసనతో నిద్రపోతోంది. తిరుపతమ్మ గడపలో కూర్చుని, ఊరికే, కుళాయి వంక చూస్తోంది.

ఖాదర్ వలీ చక్రం కట్టేసి, మళ్ళీ దాని మీద చెయ్యి వేశాడు. మిట్టవీధి ఆడవాళ్ళు పున్నమి దీపాలు వెలిగించుకోవడానికి ప్రమిదలు చేతపట్టుకుని వచ్చి చుట్టూ చేరారు. కమిషనరు గారు ఆర్డరు విప్పారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మా ఊళ్ళో ప్రారంభోత్సవాలకి అది ఆనవాయితీ. టార్చి కోసం బాలస్వామి జేబులు తడుముకుంటున్నాడు. ఈలోగా తూర్పున బజారు ఇళ్ళ వెనక నుంచి పళ్ళెమంత చంద్రుడు లేచి ట్యాంకు మీదికి వచ్చాడు. మెట్లు, బిందెలు, ఆరేసిన గుడ్డలు, ఆయన చేతిలో కాగితం మీద నా దస్తూరీ, అన్నీ పట్టపగలులా కనిపిస్తున్నాయి. టార్చి అక్కర్లేదని కమిషనరు గారు చెయ్యి ఊపి, కాగితం వెన్నెలకెత్తి గట్టిగా చదివారు.

"పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా నేడు అమావాస్యగా పరిగణించబడుతున్నది. ఈ సందర్భమున ఆకాశమున చంద్రుడు కనిపించినచో, దానిని సాంకేతిక లోపముగా భావించవలెను."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే మళ్ళీ వాయిదా పడుతుందేమోనని భయం. గురవమ్మ మాత్రం బిడ్డను భుజం మీదికి మార్చుకుని, తల పైకెత్తి ఆ సాంకేతిక లోపాన్ని కాసేపు చూసింది.

"అమాస వెన్నెల బాగా కాసిందయ్యా," అంది. "ఇంక తిప్పమను."